నూకాలమ్మపేట గాజుపలకలు

పోయిన వారం సీతాలుని క్లాసు గుమ్మంలో నిలబెట్టి ఆపేశాం. అంత కోపంతో ఉన్న మనిషిని వారం రోజులు గుమ్మంలో ఉంచడం తప్పే. ఆమె ఎందుకు వచ్చిందో కొత్తగా చదివేవాళ్లకి నాలుగు మాటల్లో చెప్పి లోపలికి రానిద్దాం.

సీతమ్మధారలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంద్రజ ఈ ఏడాదే ఒక కొత్త కోర్సు మొదలుపెట్టింది. పర్యావరణం, న్యాయం, సైన్సుని జనానికి చెప్పడం, ఈ మూడూ కలిపిన కోర్సు. కెమిస్ట్రీ, కామర్స్, జర్నలిజం పిల్లలు ఇరవైనాలుగు మంది ఒకే గదిలో కూర్చుంటారు. హార్బరు గోడ పక్కన నూకాలమ్మపేట అనే జాలరి పేట ఉంది. గోడకి అవతల బొగ్గు యార్డు. పేటలోని పన్నెండు ఇళ్ల కప్పుల మీద పిల్లలు వాజిలీన్ రాసిన గాజుపలకలు పెట్టి, వాటిమీద రాలిన బొగ్గుపొడిని మూడు వారాలు తూచారు. చాలా తక్కువ ఉందని తేలింది. అదే రిపోర్టుగా రాశారు. ఇంద్రజ సంతకం పెట్టింది. యార్డుని పేట దాకా పెంచడానికి రేపు ప్రజాభిప్రాయ సేకరణ. ఆ రిపోర్టుని చూపిస్తూ యార్డు కంపెనీ పేటంతా కరపత్రాలు పంచింది. కరపత్రం మీద ధనశ్రీ ఫొటో వేసింది. ధనశ్రీ ఆ కోర్సు చదివే పిల్ల. సీతాలుకి ఒక్కతే కూతురు.

సీతాలు చెప్పులు గుమ్మం బయటే విప్పింది. చేపల గంప కింద పెట్టుకునే చుట్టకుదురు ఇంకా ఎడమచేతిలోనే ఉంది. బజారు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు కూడా లేదు. కుడిచేతిలో నలిగిన కరపత్రం.

"మేడమ్ అంటే నువ్వేనా?"

"నేనే. కూర్చోండమ్మా."

"కూకోడానికి రాలేదు. ఈ కాయితం సూడు. నా కూతురి బొమ్మ కింద ఏటి రాసేరో సదువు. సదువు, గట్టిగా సదువు, ఈ పిల్లలందరూ ఇనాల."

ఇంద్రజ చదవలేదు. అందులో ఏముందో ఆమెకి పొద్దున్నే తెలిసింది. 'మా పేటలో దుమ్ము సమస్య లేదు. మేమే కొలిచి చూశాం.'

"మా పేటలో బుగ్గి లేదా? మరి ఎండేసిన నెత్తళ్ల మీద నల్లగా పడేది ఏటి, మిరియాల పొడా?"

వెనక బెంచీలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"అమ్మా, మేం దుమ్ము లేదని రాయలేదు," అంది ఇంద్రజ. "పలకల మీద పడింది తక్కువ అని రాశాం. రెండూ వేరు."

"ఆ తేడా మా పేటలో పంచిన కాయితంలో ఉందా?"

ఇంద్రజ ఆ కరపత్రం వైపు చూసింది. ఒక మాటని జనానికి ఎలా చెప్పాలో రెండు నెలలుగా పాఠం చెబుతున్న మనిషి ఆమె.

మూడో బెంచీలో ధనశ్రీ లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "అమ్మా, ఇక్కడొద్దు. బయటకి రా, మాట్లాడదాం."

"ఎందుకే బయటకి? నీ బొమ్మ ఊరంతా తిరుగుతంది కదా. నాను లోపల మాట్టాడతాను."

"అమ్మా!"

"ఉండే గుంటా. కుళాయి కాడ నన్నేటన్నారో తెలుసా? 'మీ గుంటకి కంపినీలో జాబు దొరికేసినట్టుంది, మరింక సేపలమ్మడం మానెయ్యే సీతాలూ' అన్నారు. దేవి అంది. ఎవులో పైవాళ్లు కాదు, నాతో గంప దింపించుకునే దేవి." ఆమె ఇంద్రజ వైపు తిరిగింది. "మీకు ఇంత ఉపకారం సేసేం. దానికి ఇదా మేడమ్? మీ పలకల్ని మూడు వారాలు సంటిపిల్లల్లాగ సూసుకున్నాం. ఒక్కటి పగిలిందా? ఒక్కదాని మీద మరక ఉందా?"

ఇంద్రజ ఆమె దగ్గరికి వచ్చింది. "మరక లేకపోవడం ఏమిటమ్మా?"

"ఏటంటే ఏటి సెప్పను? బేరానికెల్లే ముందోసారి తుడిసేదాన్ని. వచ్చేకోసారి. దీపాలేళకి మరోసారి. ఒకరి వస్తువు మనింట్లో ఉంటే బుగ్గి పట్టించి తిరిగిత్తామేటి? పక్కింటోళ్ల గిన్నె తెచ్చుకున్నా తోమకుండా ఇస్తామా? పన్నెండిళ్లోళ్లకీ నానే సెప్పేను, కాలేజీ పిల్లలు నమ్మి పెట్టేరు, శనారం వచ్చి సూసుకుంటారు, పేట పరువు తియ్యకండర్రా అని. అందరూ తుడిసేరు. ఆ జిడ్డు కూడా పోతే మళ్లీ కొబ్బరినూనె రాసి పెట్టేను. మీ పిల్లల్నడుగు, ఎంత తళతళలాడేయో."

మొదటి బెంచీలో కెమిస్ట్రీ చదివే నాగవంశీ మెల్లగా చెయ్యెత్తాడు.

"మేడమ్, రెండో వారం పలకలు కొబ్బరినూనె వాసనొచ్చాయి."

"వస్తే?"

"ధనశ్రీ తలనూనె అనుకున్నాను మేడమ్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సీతాలు ఒక్కొక్క మొహాన్నీ చూసుకుంటూ వచ్చింది. "ఏటి? ఏటైంది? అందరూ అలగ సూత్తన్నారేటి?"

చెప్పాల్సింది ఇంద్రజ. ఆమె నోరు తెరిచేలోపు ధనశ్రీ బెంచీల మధ్య నుంచి నడిచివచ్చి తల్లి ఎదురుగా నిలబడింది.

"తుడవకూడదే అమ్మా. ఆ పలకల మీద పడిన బుగ్గినే మేం తూచేది. నువ్వు తుడిచేస్తే ఏం తూస్తాం? ఏమీ లేనిదాన్ని తూచాం. ఏమీ లేదని రాశాం."

సీతాలుకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చుట్టకుదురుని ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది. ఆమె మొహంలో మొదట వచ్చింది సిగ్గు. పిల్లలు చూస్తుండగానే ఆ సిగ్గు పోయి, అంతకుముందున్న కోపం కంటే పెద్ద కోపం వచ్చింది.

"మరి ఆ మాట నాకెవులు సెప్పేరు?"

ఆమె కూతురి వైపు తిరిగింది.

"నువ్వు సెప్పేవేటే?"

"నేను పిన్ని దగ్గర గోపాలపట్నంలో ఉంటున్నాను కదా. ఆదివారం తప్ప ఇంటికి రాను. నువ్వు తుడుస్తున్నట్టు నాకేం తెలుసు?"

"ఆదివారం నువ్వు లెగిసేసరికి తుడిసేసేదాన్ని. నీకెందుకు తెలుస్తాది?"

"ముట్టుకోవద్దని గోడకి కాగితం అంటించాం కదమ్మా," అంది ధనశ్రీ.

"నాకు సదువొచ్చా?"

"మీటింగ్ పెట్టి చెప్పామమ్మా," అంది ఇంద్రజ. "మొదటిరోజు నేనే వచ్చాను. కమ్యూనిటీ హాల్లో అంతా వివరంగా చెప్పాను."

"ఎప్పుడు?"

"ఆ గురువారం. పది గంటలకి."

సీతాలు నవ్వింది. వినడానికి బాగాలేని నవ్వు. "పదింటికి! పదింటికి నూకాలమ్మపేటలో ఆడదుంటాదా మేడమ్? తెల్లారగట్ల బోట్లొస్తాయి, సేపలు దింపుతారు, మేం గంపలెత్తుకుని బజారుకెల్లిపోతాం. పదింటికి పేటలో ఉండేది మగోళ్లు. రాత్రి సంద్రంలో ఏటకెల్లొచ్చి తొంగున్నోళ్లు, వలలు బాగుసేసుకునేవోళ్లు. ఆళ్లకి సెప్పేవా?"

"అందరికీ అర్థమైందన్నారు."

"అంటారు. మేడమొచ్చింది, సెప్పింది, తలూపేరు. ఇంటికొచ్చి పెళ్లాలకి సెప్తారనుకున్నావా? ఆళ్లకి బుగ్గి కనపడితే కదా! మా మగోళ్లకి బుగ్గి ఎలగుంటాదో తెల్దు మేడమ్. ఆళ్లు లెగిసేసరికి తుడిసేసి ఉంటాది. అన్నం కంచంలో లేదు, మంచం మీద లేదు, పిల్ల ముక్కులో లేదు. ఎందుకు లేదు? నాను తుడిసేను కాబట్టి లేదు. నా కోడలితనమంతా అదే. పాతికేళ్లు రోజుకి నాలుగుసార్లు. ఒక్కపూట తుడవకపోతే మా అత్త 'ఇదేం ఆడదే' అనేది. మీ పలకలొచ్చి నాకు కొత్తగా పని పెట్టేయా ఏటి? ఇల్లంతా తుడిసే సెయ్యి ఆ పలక కాడ ఆగుతాదా?"

ఇంద్రజ బల్ల అంచు పట్టుకుంది. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి ఆమె. నలభై ఏళ్లుగా ఈ ఊరి గాలి పీలుస్తోంది. తన పిల్లలచేత ప్రతి వాక్యాన్నీ మూడుసార్లు రాయించింది, కష్టమైన మాటలు కొట్టివేయించింది, బొమ్మలు గీయించింది. ఎవరి చేతులు ఆ పలకల దగ్గరికి వెళతాయో మాత్రం ఒక్కరోజు కూడా అడగలేదు. తన మీద తనకి వచ్చిన కోపానికి ఆమె చెవులు వేడెక్కాయి.

"తప్పు నాది," అంది.

"నీదే. మరెవులిదనుకున్నావ్?"

తలుపు దగ్గర ప్రిన్సిపాల్ శివరామకృష్ణ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి వింటున్నాడో తెలియదు. "ఇంద్రజగారూ, ఒకసారి నా రూమ్‌కి రండి. ధనశ్రీ, నువ్వూ రా," అన్నాడు. పిలవకుండానే సీతాలు కూడా వెళ్లింది. ఈసారి చెప్పులు వేసుకుని వెళ్లింది.

ప్రిన్సిపాల్ గదిలో ఒకాయన కాఫీ తాగుతున్నాడు. ఆయన పేరు ఉమాశంకర్. యార్డు కంపెనీలో పేటల వ్యవహారాలు చూసే మేనేజరు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. మర్యాదగల మనిషి, సీతాలుని చూసి లేచి నిలబడ్డాడు కూడా. గోడ మీద కాలేజీకి కంపెనీ కట్టిస్తానన్న కొత్త ల్యాబు బొమ్మ వేలాడుతోంది.

ఇంద్రజ కూర్చోకుండానే చెప్పింది. "రిపోర్టు తప్పు సార్. ఆ పలకలు రోజూ తుడిచేశారు. మేం వాళ్లకి చెప్పాల్సినట్టు చెప్పలేదు. రిపోర్టుని వెనక్కి తీసుకుంటున్నాను. ఇవాళే రాసిస్తాను."

శివరామకృష్ణ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నీ పేరేంటి?"

"సీతాలు."

"పలకలు నువ్వే తుడిచావా?"

"నానే తుడిసేను. మిగతా ఇళ్లోళ్లు కూడా నా మాట మీదే తుడిసేరు."

ఉమాశంకర్ కప్పు కింద పెట్టాడు. చాలా మెల్లగా మాట్లాడాడు. "సీతాలమ్మగారూ, మీ మంచికోరి చెబుతున్నాను. ఆ మాట రేపు ఎక్కడా అనకండి. కాలేజీవాళ్లు పెట్టిన నమూనాలని పేటవాళ్లు కావాలని పాడుచేశారంటారు. మీ పన్నెండిళ్ల ఆడవాళ్లనీ స్టేషన్‌కి పిలుస్తారు. మీరే చెప్పి చేయించారు కాబట్టి మీ పేరు ముందుంటుంది. కేసు పెడతారని నేననట్లేదు. పెట్టొచ్చు అంటున్నాను."

"బెదిరిస్తున్నారా?" అంది ఇంద్రజ.

"సమాచారం చెబుతున్నాను మేడమ్. మీరు పిల్లలకి నేర్పేదీ అదేగా? ఉన్న విషయాన్ని మామూలు మనుషులకి అర్థమయ్యేలా చెప్పడం."

ఇంద్రజకి ఆ కాఫీ కప్పు తీసి గోడమీది ల్యాబు బొమ్మకేసి కొట్టాలనిపించింది. జీవితంలో ఎప్పుడూ ఏదీ విసిరికొట్టని మనిషి. "వీళ్ల పేర్లు రాయను," అంది. "కొలిచిన పద్ధతి తప్పు, బాధ్యత నాది అని రాస్తాను. అంతే."

"పద్ధతిలో ఏం తప్పు అని అడుగుతారు కదండీ. తప్పని ఎలా తెలిసింది అని అడుగుతారు. అప్పుడేం చెబుతారు?"

అతను అడిగింది నిజమే. అందుకే ఇంకా మండింది.

"ఇంద్రజా," అన్నాడు ప్రిన్సిపాల్. పేరు చివరి 'గారు' పోయింది. "మీ కాంట్రాక్టు మే నెలతో అయిపోతుంది. దాని సంగతి నేను ఎత్తను."

"ఎత్తండి. పోతే పోనివ్వండి."

"మీది పోనిద్దాం. ఇరవైనాలుగు మంది పిల్లలకి ఈ రిపోర్టుకే మార్కులు పడ్డాయి. రిపోర్టు అబద్ధమైతే వాళ్ల మార్కులు? పైచదువులకి అప్లై చేసినవాళ్లున్నారు. ఈ అమ్మాయే ఉంది."

అందరూ ధనశ్రీ వైపు చూశారు. ఇంతసేపూ ఆ పిల్ల తల్లినే చూస్తోంది. తల్లి చేతుల్ని చూస్తోంది. వేళ్ల సందుల్లో చేప పొలుసులు ఎండి అంటుకుని ఉన్నాయి.

"రేపు నేను మాట్లాడతాను సార్," అంది. "రిపోర్టు చదువుతాను. రాసింది రాసినట్టు."

"ఏటన్నావ్?" అంది సీతాలు.

"నువ్వు మాట్లాడకు. నువ్వు తుడవలేదు. ఎవరూ తుడవలేదు. నువ్వీ రోజు కాలేజీకే రాలేదు."

"ఓసి గుంటా, యార్డు మన గోడ కాడికొచ్చేత్తాదే! ఇప్పుడే ఇలగుంటే, గుట్టలు మన నెత్తిమీద ఏత్తే ఎలగే బతకడం?"

"తుడుద్దాం. ఇన్నాళ్లూ తుడిచాం కదా, ఇంకో రెండుసార్లు ఎక్కువ తుడుద్దాం."

సీతాలు చెయ్యి పైకి లేచింది. కొట్టలేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండగా ధనశ్రీ నోట కాలేజీ మాట పోయి పేట మాట వచ్చింది.

"కొట్టు. కొట్టే అమ్మా. నాన్న గుజరాత్ బోట్లకెల్లి మూడేళ్లయింది. ఒచ్చేడా? పండక్కి వత్తానన్నాడు, రాలేదు. ఫోన్ సేత్తానన్నాడు, సెయ్యలేదు. రేపు నిన్ను కూడా ఎవులో జీపులో ఎక్కించుకుని పోతే నానేటి సెయ్యాల? పేట ఎలగైనా పోనీ. బుగ్గి పడితే పడనీ. నువ్వుండాల నాకు."

గదిలో మొగవాళ్లిద్దరూ వేరే వైపు చూశారు. సీతాలు చెయ్యి దించుకుంది. ఉమాశంకర్ గొంతు సవరించుకుని, కింద కారుందనీ, రేపటికి కాస్త ప్రాక్టీసు చేయిస్తే అమ్మాయి తడబడకుండా చదువుతుందనీ, రాత్రికి కంపెనీ గెస్ట్‌హౌస్‌లో లేడీస్ స్టాఫ్‌తో ఉంటుందనీ, భయం లేదనీ అన్నాడు. ధనశ్రీ తలుపు వైపు నడిచింది.

ఇంద్రజ మెట్ల దగ్గర ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది. "ధనశ్రీ, ఆగు. ఇది న్యాయం కాదని నీకు తెలుసు."

"న్యాయం గురించి మీరు ఆరు క్లాసులు చెప్పారు మేడమ్. నోట్సు ఉంది నా దగ్గర. అందులో ఎక్కడా మా అమ్మ లేదు."

ఇంద్రజ చెయ్యి వదిలేసింది.

వరండా చివర నిలబడి సీతాలు కారుని చూసింది. మూడేళ్ల కిందట మొగుడు తాతబాబుని రైలెక్కించినప్పుడు అతను ప్లాట్‌ఫారం అయిపోయేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అంతసేపు చెయ్యి ఊపినవాడు రాకుండా ఉంటాడా అని ఆమె ఏడాదిపాటు ధైర్యంగా ఉంది. ఈ పిల్ల కారు అద్దం కూడా దించలేదు. ముందుకే చూస్తూ కూర్చుంది. గేటు దాటాక ఎర్ర లైట్లు ఒకసారి వెలిగి, కారు రోడ్డెక్కి మలుపు తిరిగింది. వాచ్‌మన్ గేటు వేశాడు.

ఇంద్రజ తిరిగి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. ఆయన బల్లమీది తెల్లకాగితం తీసుకుని, నిలబడే రాసింది. 'నా పర్యవేక్షణలో తయారైన రిపోర్టు తప్పు. తప్పు నాది. దాన్ని ఎవరూ వాడకూడదు.' సంతకం పెట్టి ఆయన ముందుకి తోసింది. ఆయన ముట్టుకోలేదు. ఆమె దాన్ని ఆయన కళ్లజోడు కింద పెట్టి బయటికి వచ్చింది.

సీతాలు అక్కడే ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"రేపు మాట్టాడాలంటే ఏటి సెయ్యాల మేడమ్?"

"ముందే పేరు రాయించుకోవాలి. తహసీల్దారు ఆఫీసులో కౌంటరు పెట్టారు. ఆరింటికి మూసేస్తారు."

"ఇప్పుడెంతయింది?"

"నాలుగున్నర."

"పద."

ఇద్దరూ ఆటో ఎక్కారు. కంచరపాలెం దగ్గర రైలు గేటు పడి ఆగినప్పుడు ఇంద్రజే అంది, "మీరు బయటపెడితే కేసు..."

"ఇన్నాను. సెవిటిదాన్ని కాదు."

"ధనశ్రీ మీకోసమే ఆ పని..."

"నాకోసమే. తెల్దా నాకు? అందుకే కదా కడుపు రగిలిపోతంది. నన్ను కాపాడ్డానికి అది నోరు పాడుసేసుకుంటాదా? దాన్ని సదివించింది దానికా?" ఆమె ఆటో రాడ్ గట్టిగా పట్టుకుంది. "నువ్వు కూడా, మేడమ్. పదింటికి మీటింగు పెట్టేవు. నానింకా మర్సిపోలేదు."

"మరిచిపోవద్దు," అంది ఇంద్రజ.

కౌంటరులో కనకరత్నం అనే గుమాస్తా ఉంది. యాభై ఏళ్లుంటాయి, ముక్కు మీద కళ్లజోడు, ముందు పెద్ద రిజిస్టరు. తల ఎత్తకుండా అడిగింది.

"పేరు?"

"మైలపల్లి సీతాలు. నూకాలమ్మపేట."

"ఎవరి తరఫున మాట్లాడతారు? సంఘమా, సొంతంగానా?"

"తుడిసినోళ్ల తరఫున."

కనకరత్నం తల ఎత్తింది. "ఎవరు?"

"రాయండమ్మా. బుగ్గి తుడిసినోళ్లం. పన్నెండిళ్లోళ్లం."

"అలాంటి గడి ఇందులో లేదు."

"గియ్యండి."

కనకరత్నం ఆమె వంక ఒక క్షణం చూసి, స్కేలు తీసుకోకుండానే సొంతం అన్నచోట టిక్కు పెట్టి, పక్కన చిన్న అక్షరాలతో ఏదో రాసింది. "నలభై మూడో నంబరు. రేపు మధ్యాహ్నం అవ్వచ్చు."

"ఒకటో నెంబరెవులిది?"

గుమాస్తా పేజీలు వెనక్కి తిప్పింది. "ఎం. ధనశ్రీ. విద్యార్థిని. ప్రాజెక్టుకి అనుకూలం. కౌంటరు తెరవగానే కంపెనీవాళ్లొచ్చి రాయించారు."

"నన్ను దానికి ముందెయ్యండి."

"కుదరదమ్మా. వచ్చిన వరసలోనే పిలుస్తారు."

"కుదరాల. అది నా కూతురు." సీతాలు కౌంటరు చెక్క మీద రెండు చేతులూ ఆనించింది. "అది రేపు లెగిసి నూకాలమ్మపేటలో బుగ్గి లేదంటాది. అది అన్నాక నాను లెగిసి ఉందంటే, నలుగురిలో నా గుంట దొంగవుతాది. కలెట్టరు ముందు, పేటోళ్ల ముందు. దాని మొహం నానే మాడ్సినదాన్నవుతాను. అది అబద్దం ఆడకముందే నాను నిజం సెప్పేయాల. నాను సెప్పేసినాక ఇంక అది ఆడక్కర్లేదు. తెలిసిందా అమ్మా? రేపు నన్ను లోపలేసినా ఏసుకోండి. దాని నోట ఆ మాట రాకూడదు."

కనకరత్నం కళ్లజోడు సవరించుకుంది. వెనకాల నిలబడిన ఇద్దరు ముగ్గురు మనుషులు గొణుగుడు ఆపేశారు.

"ఒకటే దారుంది," అంది చివరికి. "ఒకటో నంబరు మనిషి తన నంబరు మీకిస్తున్నట్టు ఇక్కడ సంతకం పెట్టాలి. నా ఎదురుగా పెట్టాలి. ఆరు లోపల. ఆరు తర్వాత ఈ రిజిస్టరు కలెక్టరాఫీసుకి వెళ్లిపోతుంది, ఇంక నా చేతిలో ఉండదు. మీ అమ్మాయి వస్తుందా?"

ఇంద్రజ అప్పటికే ఫోన్ తీసింది. గోడ గడియారంలో అయిదూ అయిదు. రింగు చాలాసేపు వెళ్లింది. ఎత్తారు.

"ధనశ్రీ, నేను చెప్పేది పూర్తిగా విను."

"చెప్పండి ఇంద్రజగారూ," అన్నాడు ఉమాశంకర్. "అమ్మాయి ప్రాక్టీసులో ఉంది. ఫోను తనే నా దగ్గర పెట్టమంది."

సీతాలు ఫోను లాక్కుంది. "బాబూ, నాను దాని అమ్మని. దానికియ్యి."

"రేపు మీటింగ్ అయ్యాక తీరిగ్గా మాట్లాడుకోండమ్మా. నేనే దగ్గరుండి మాట్లాడిస్తాను."

ఫోను ఆగిపోయింది. ఇంద్రజ మళ్లీ చేసింది. స్విచాఫ్.

"ఆ గెస్ట్‌హౌస్ ఎక్కడుందో కూడా మనకి తెలియదు," అంది. కోపంతో, భయంతో ఆమె గొంతు పైకి లేచింది. "తెలిసినా గేటు దగ్గరే ఆపేస్తారు. మనల్ని లోపలికి ఎవరు పోనిస్తారు?"

సీతాలు చుట్టకుదురుని విదిలించి తలమీద పెట్టుకుంది. చీర కుచ్చెళ్లు పైకి దోపింది.

"మనల్ని పోనివ్వరు. నన్ను పోనిత్తారు," అంది. "ఆ గెస్టౌసు వంటింటికి రెండేళ్లనించి సేపలేసేది నానే. ఎనక గుమ్మం ఎటో, దాని గొళ్లెం ఎలగ తియ్యాలో నాకు తెలుసు. దారిలో ఒక గంప కొనిపెట్టు మేడమ్. సేపలున్నా లేకపోయినా పర్లేదు."